నీళ్ల పుస్తకం: ఇతర వివరాలు

దినం 11,306
తాగినవి: 800 మి.లీ. (నిజానికి 860.)

ఈ పుస్తకం నీళ్ల లెక్క రాయడానికి ఇచ్చారు. కిడ్నీలు పోయినవాళ్లు రోజుకు ఎనిమిది వందల మిల్లీలీటర్లకు మించి తాగకూడదు. పైగా చంద్రుడి మీద ప్రతి చుక్కనూ మళ్లీ మళ్లీ శుద్ధి చేసి తాగాలి. అందుకని ఎవరెంత మింగారో రోజూ రాసి వారానికోసారి చూపించాలి. పేజీకి కుడివైపున ‘ఇతర వివరాలు’ అని పెద్ద గడి ఒకటుంది. దాన్ని ఎవరూ చదవరు. పదకొండేళ్లుగా నేను నీళ్ల గడిలో అబద్ధం, ఈ గడిలో నిజం రాస్తున్నాను. తనిఖీకి వచ్చినవాళ్లు అబద్ధం కింద సంతకం పెట్టి వెళ్లిపోతారు.

నా పేరు తామాడ రత్నావళి. వయసు డెబ్బై ఆరు. ఈ జీడిపేటకు మొదటి నౌకలో ప్రయోగశాల అధిపతిగా వచ్చాను. ఇప్పుడు మంగళ, గురు, శనివారాల్లో కడుగుడు గదిలో నాలుగేసి గంటలు కూర్చునే మనిషిని. డయాలిసిస్‌ని ఇక్కడ అందరూ కడుగుడు అంటారు. ఇక్కడి ధూళి లోపలికి పోతుంది, మన ఎముకల్లోని కాల్షియం బయటికి కారుతుంది. ఆ రెండింటి మధ్య నలిగేవి కిడ్నీలు. మూడు వందల పది మంది జనాభాలో నలభై ఆరుగురం కడుగుడుకు వస్తాం.

మా వరసలో ఆరు కుర్చీలు. కిటికీ ఒకే ఒక్క కుర్చీకి ఉంది. అందులోంచి భూమి కనిపిస్తుంది. కిటికీ కుర్చీలో ఉన్న మనిషి పోయాకే అది పక్క కుర్చీవాళ్లకు వస్తుంది. ఇక్కడి ఆచారం అది. ఆ కుర్చీ మడ్డు దాలమ్మది. పక్క కుర్చీ నాది. ఇద్దరం ఒకే రోజున కడుగుడులో చేరాం. నలభై నిమిషాలు ముందొచ్చానని ఆమె కిటికీని పట్టేసుకుంది. నేను అంతకుముందే వచ్చాను. మందుల గదిలో చీటీ రాయించుకుంటున్నాను. పదకొండేళ్లుగా ఈ విషయం చెబుతున్నాను, ఆమె పదకొండేళ్లుగా భూమి చూస్తోంది.

ఈ రోజు అందరికీ కొత్త రక్తపరీక్ష. మైలోమా అని ఎముకల మజ్జలో పుట్టే క్యాన్సర్ ఒకటుంది. అది కిడ్నీలను కూడా చెడగొడుతుంది కాబట్టి, కిడ్నీలు చెడినవాళ్లలో అది దాక్కుని ఉందేమో చూడాలట. ఈ పరీక్షకు కావలసిన సరుకు మొదటి నౌకలో వచ్చి నాలుగు నెలల్లో అయిపోయింది. మళ్లీ ముప్పై ఏళ్లకు పోయిన నౌకలో వచ్చింది.

రక్తం తీసింది అల్లుడు. అల్లుడంటే గోడకున్న పట్టాల మీద తిరిగే వైద్యయంత్రం. దాలమ్మ పెట్టిన పేరు అది.

“నవ్వుతా వత్తాడు, మర్యాదగా మాటాడతాడు, రక్తం తాగుతాడు, మళ్లీ వత్తానంటాడు. అల్లుడు కాపోతే మరేటి వొదినా?” అంటుంది.

ఆమెతో నేను ఏకీభవించిన విషయాలు మూడు. అందులో ఇదొకటి.


దినం 11,307
తాగినవి: 790 మి.లీ. (నిజానికి 790. ఈ రోజు నోటికి ఏదీ ఎక్కలేదు.)

ప్రతి కుర్చీ పైనా ఒక చిన్న దీపం ఉంటుంది. పరీక్షలో అంతా బాగుంటే పచ్చగా వెలుగుతుంది. లేకపోతే ఎర్రగా. కుర్చీల వరసలో పరీక్షలు చేస్తారు కాబట్టి మొదటి ఫలితం దాలమ్మది. ఈ రోజు వచ్చింది అదొక్కటే. ఎరుపు.

“మడ్డు దాలమ్మ గారూ, మీ ఫలితం సాధారణ పరిధిని దాటినదని తెలియజేయుటకు చింతిస్తున్నాను” అన్నాడు అల్లుడు. అతని చింతకూ సంతోషానికీ గొంతు ఒకటే.

దాలమ్మ తల పైకెత్తి దీపం చూసింది. “ఏటి, ఎర్రదెట్టాడు? నా సీరకి సరిపోతాదనా?”

ఎవరూ నవ్వలేదు. పేట స్థాపించినప్పటి నిబంధన ఒకటి అందరికీ తెలుసు: క్యాన్సర్ అనుమానం వచ్చినవారిని తదుపరి నౌకలో భూమికి పంపవలెను. తదుపరి నౌక 11,326వ దినాన వస్తుంది.

మధ్యాహ్నం పేట అధికారి తారకేశ్ కాగితంతో వచ్చాడు. ముప్పై నాలుగేళ్లవాడు. హైదరాబాద్ నుంచి వచ్చి ఆరు నెలలైంది. ఇంకా నేల మీద నడుస్తున్నట్టే అడుగు వేసి తల పైకప్పుకు కొట్టుకుంటూ ఉంటాడు.

“ఇది మీ మంచికేనండీ, దాలమ్మ గారూ. అక్కడ పెద్ద ఆసుపత్రులున్నాయి.”

“నా మంచి సంగతి నాకొగ్గేయ్ బాబూ. ముప్పై ఏళ్లు దూదిలాగ తేలిన కాళ్లివి. అక్కడ దిగితే నా బరువే నన్ను కూల్సేత్తాది. కిందికెళ్లిన పోలన్నకేటయ్యింది? దిగిన వారానికి తుంటిరిగింది. మరి లెగలేదు.”

తారకేశ్ దగ్గర ఉన్నది కాగితం ఒక్కటే. దాన్ని ఆమె ఒళ్లో పెట్టి, వంగి నమస్కారం చేసి, తల కొట్టుకుని వెళ్లాడు.

కాసేపటికి దాలమ్మ నాకేసి తిరక్కుండానే అడిగింది. “నా సెట్లకి నీళ్లెవులు పోత్తారు?”

గోపురం కింద నలభై జీడిచెట్లున్నాయి. ప్రతిదాన్నీ ఆమె గింజ నుంచి పెంచింది. ఈ ఏడే మొదటిసారి అన్నీ కాశాయి.

నర్సు ఎస్తేరు నా సూది తీస్తూ చెవి దగ్గర, “ఇక కిటికీ మీదేనమ్మా” అంది. సంతోషించాలనే అనుకున్నాను. సాయంత్రం దాకా ప్రయత్నించాను కూడా.


దినం 11,309
తాగినవి: 800 మి.లీ. (నిజానికి 880. విజయోత్సవం.)

నాది పచ్చ!

“తామాడ రత్నావళి గారూ, మీ నిష్పత్తి 0.31. సాధారణ పరిధి 0.26 నుంచి 1.65. మీరు కుశలము” అన్నాడు అల్లుడు. దాన్ని నేను దాలమ్మకు రెండుసార్లు చదివి వినిపించాను. రెండోసారి కాస్త నెమ్మదిగా.

“ఇన్నానులే. సెవులు బాగానే ఉన్నాయి, పాడయినియి కిడ్నీలు” అంది.

మధ్యాహ్నానికి నా సంతోషం మీద అనుమానం మొదలైంది. మా వరసలోనే మూడు ఎర్రదీపాలు. సాయంత్రానికి నలభై ఆరుగురి ఫలితాలూ వచ్చాయి. మొత్తం తొమ్మిది ఎరుపు. తొమ్మిదో మనిషి భోజనశాల వంటవాడు నూకరాజు. ఆ కబురు తెలియగానే పేటంతా ఒక్కసారిగా మానవతావాదులైపోయారు. అతను లేకపోతే చేపల పులుసు లేదు.

నౌకలో మనుషులకు ఆరే సీట్లు. తారకేశ్ తొమ్మిది మందిని ఆరు సీట్లలో ఎలా సర్దాలా అని బొమ్మలు గీస్తున్నాడట.

నేను మాత్రం ఆ తొమ్మిది అంకెలూ ఈ గడిలో రాసుకున్నాను. 2.33, 1.71, 1.9, 2.8, 1.68, 2.05, 1.77, 2.4, 1.84. మైలోమా అంటువ్యాధి కాదు. నలభై ఆరుగురిలో తొమ్మిది మందికి ఒకేసారి రాదు. అందులోనూ అందరూ పై గీతనే దాటారు, అందరూ కొంచెమే దాటారు. జబ్బు ఇంత క్రమశిక్షణగా ఉండదు. ఇంత క్రమశిక్షణగా ఉండేది తప్పు ఒక్కటే.


దినం 11,310
తాగినవి: 800 మి.లీ. (నిజానికి 1,020. కారణం కింద ఉంది.)

పొద్దున్నే అల్లుడి ముందు కూర్చున్నాను.

“ఈ 0.26, 1.65 ఎవరి కోసం గీసిన గీతలు?”

“కిడ్నీలు ఆరోగ్యంగా ఉన్న మనుషుల కోసమండీ.”

“మరి కిడ్నీలు లేనివాళ్లకు?”

“వేరే పరిధి ఉన్నదండీ. 0.37 నుంచి 3.1 వరకు.”

“ఆ మాట ముందే ఎందుకు చెప్పలేదు?”

“మీరు అడగలేదండీ.”

అల్లుళ్లంతా ఇంతే.

నాకు ఒళ్లు మండింది. కడుగుడు గదిలో పరీక్ష పెట్టి, కిడ్నీలున్నవాళ్ల పట్టికతో పోల్చిన ఆ తెలివిమంతుడెవరో తెలుసుకుని తీరాలనుకున్నాను. మనిషి బతికుంటే మొహం మీదే అడుగుదామని, పోయి ఉంటే ఫోటో ముందు నిలబడి అయినా అడుగుదామని.

“ఈ పట్టిక నీలో ఎక్కించిన మూర్ఖుడెవరు?”

“దినం 96న ప్రయోగశాల అధిపతి తామాడ రత్నావళి గారు నమోదు చేసి, ధ్రువీకరించి, సంతకం చేశారండీ.”

తెర మీద సంతకం చూపించాడు. నాదే. ‘ళి’ కింద తోక కూడా నాదే.

అప్పుడు వచ్చినవాళ్లందరివీ కొత్త కిడ్నీలు. ఆ పట్టిక అప్పటికి సరైనదే. తరవాత మనుషులు మారారు, పట్టిక మారలేదు. ఇలా సమర్థించుకుంటూ రెండు గ్లాసులు తాగాను. మూడో గ్లాసుకు సమర్థన అయిపోయింది.


దినం 11,312
తాగినవి: 800 మి.లీ. (నిజం. తారకేశ్ ఎదురుగా కొలిచి తాగాల్సొచ్చింది.)

తారకేశ్ ఇంజనీరు. రక్తం గురించి చెబితే మొహం పాలిపోతుంది. అందుకని నూకరాజు దగ్గర పెద్ద కన్నాల జల్లెడ ఒకటి, ఉప్మారవ్వ, శనగపప్పు, కాస్త బెల్లం పాకం తీసుకుని అతని ఆఫీసుకు వెళ్లాను.

“అమ్మా, టిఫినుకు ఇంకా టైముందండీ.”

“కూర్చో నాయనా. నీకు చూపించాల్సింది ఒకటుంది. ఒంట్లో రోజూ రెండు రకాల ప్రోటీన్ తునకలు పుడుతుంటాయి. కప్పా చిన్నది, అదిగో రవ్వ. లాంబ్డా జంటలుగా తిరుగుతుంది కాబట్టి పెద్దది, ఇదిగో పప్పు. ఒళ్లు రెండు చెంచాల రవ్వ వేస్తే ఒక చెంచా పప్పు వేస్తుంది. అల్లుడు చెప్పే నిష్పత్తి అంటే రక్తంలో మిగిలిన రవ్వను పప్పుతో భాగిస్తే వచ్చేది. ఇప్పుడు జల్లెడ ఊపు.”

ఊపాడు. ఇక్కడ రవ్వ రాలదు, తీరిగ్గా దిగుతుంది. అయినా దిగింది. పప్పు అక్కడొకటి ఇక్కడొకటి మాత్రమే పడింది.

“పైన ఏం మిగిలింది?”

“పప్పు ఎక్కువండీ. రవ్వ తక్కువ.”

“అది బాగున్న కిడ్నీ. రవ్వను ముందు పారబోస్తుంది. ఇప్పుడిది చూడు.” జల్లెడ నిండా పాకం పూశాను. కొంత అతని బల్ల మీద కూడా పడింది. మళ్లీ రెండు చెంచాల రవ్వ, ఒక చెంచా పప్పు వేశాను. “ఊపు.”

ఏదీ దిగలేదు.

“ఇప్పుడు పైన?”

“రెండూ ఉన్నాయి. రవ్వ రెట్టింపు ఉంది.” చెంచాతో రవ్వను కదిపి చూశాడు. “అంటే క్యాన్సర్ లేకపోయినా, కిడ్నీ చెడితే చాలు... నిష్పత్తి దానంతటదే పెరుగుతుందా?”

“దానంతటదే. క్యాన్సర్ ఉంటే ఒక్క రకమే కుప్పలు పోస్తుంది. దాలమ్మకు రెండూ పెరిగాయి, ఒకటి కొంచెం ఎక్కువ. పూడుకుపోయిన జల్లెడ కథ తప్ప అందులో మరేమీ లేదు. కిడ్నీలు పోయినవాళ్ల గీతలతో చూడు. తొమ్మిది మందీ లోపలే ఉంటారు.”

కుర్రాడు మంచివాడు. చేతికంటిన పాకం కాగితానికి అంటకుండా జాగ్రత్తపడుతూ రాసుకున్నాడు. “కొత్త పట్టిక మీరే తయారు చేయండమ్మా. నేను సంతకం పెడతాను. కానీ ఒక మాట. కొత్త పట్టికలో కూడా ఎర్రగా ఉన్నవాళ్లను మాత్రం నౌకెక్కించాల్సిందే. మళ్లీ ఇంకో జల్లెడ తేకూడదు. రాసివ్వండి.”

“ఓ, దానికేం!” అని రాసిచ్చాను. తోకతో సహా.


దినం 11,313
తాగినవి: 800 మి.లీ. (తెలియదు. చూసుకోలేదు.)

పట్టిక ఎక్కించే ముందు నలభై ఆరుగురి అంకెలూ చేత్తో సరిచూసుకున్నాను. పాత అలవాటు. పై గీత 3.1. తొమ్మిది మందీ హాయిగా లోపలికొచ్చారు. నూకరాజు, దాలమ్మ, అందరూ.

తరవాత కింది గీత చూశాను. 0.37.

నాది 0.31.

మూడుసార్లు తీసివేత చేశాను. అంకెలు నాకు ఎప్పుడూ ఇంత విధేయంగా ఒకే జవాబు చెప్పలేదు. కిడ్నీలున్న మనిషికి 0.31 మామూలే. కిడ్నీలు పోయిన మనిషికి రవ్వ పెరగాలి. నాకు పప్పు పెరిగింది. అందరి జల్లెడలోనూ రవ్వ ఎక్కువైతే నా దాంట్లో పప్పు కుప్ప పడుతోందంటే, ఎవరో పప్పే పోస్తున్నారు.

దాలమ్మకు రెండుసార్లు చదివి వినిపించిన పచ్చదీపం అబద్ధం. ఆమె ఎర్రదీపమూ అబద్ధమే. ఒకే పట్టిక, ఒకే సంతకం, రెండు వైపులా తప్పు.

పై గీత ఒక్కటే మార్చి కింది గీతను ముట్టుకోకుండా వదిలేయొచ్చు. తొమ్మిది మంది ఉంటారు, నేనూ ఉంటాను. తారకేశ్‌కు తెలియదు. అల్లుడు అడిగితే తప్ప చెప్పడు.

ఈ గడి ఎవరూ చదవరని మొదటి పేజీలోనే రాశాను. అందుకే ఇక్కడ రాస్తున్నాను: ఆ ఆలోచన నాకు వచ్చింది. మధ్యాహ్నం భోజనమయ్యేవరకూ ఉంది.


దినం 11,314
తాగినవి: 700 మి.లీ. (నిజానికి 700.)

జీడితోటకు వెళ్లాను. దాలమ్మ చెట్టు మొదట్లో చుక్కలు లెక్కపెట్టి నీళ్లు పోస్తోంది.

“ఏటి వొదినా, ఇయ్యాల పొద్దుకాడ్నుంచి ఒక్క తిట్టూ ఇనపడలేదు. ఒంట్లో బాగోలేదా?”

“బాగోలేదు” అన్నాను. చెప్పేశాను. పప్పు, రవ్వ, కింది గీత, రాసిచ్చిన కాగితం. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా అడ్డు రాలేదు. ఇంత మర్యాద ఆమెలో ఉందని నాకు పదకొండేళ్లలో తెలియలేదు.

అంతా విని చెంబు కింద పెట్టింది. “అయితే పైది మార్సు. కిందది ఒగ్గేయ్. ఎవులికి తెలుస్తాది?”

“నాకు.”

“నువ్వేటి, పెద్ద హరిశ్చంద్రుడివా? రోజూ నీళ్ల బుక్కులో అబద్దం రాత్తావు కదా, నాకు తెల్దా?”

“నీళ్ల అబద్ధం నా పొట్టలో ఉంటుంది. ఇది గోడ మీద ఉంటుంది దాలమ్మా. రేపు నాలాంటిదే ఇంకొకతె వస్తుంది. అల్లుడు కుశలమంటాడు. ఆమె పక్క కుర్చీ దానికి రెండుసార్లు చదివి వినిపించి, నవ్వుతూ చచ్చిపోతుంది. ముప్పై ఏళ్ల కిందట ఒకసారి చూడకుండా సంతకం పెట్టాను. చూసి కూడా పెట్టమంటావా?”

దాలమ్మ చెంబు మళ్లీ అందుకుంది. తరవాత ముక్కు చీదింది. “మొండి ముండ” అంది. మా ఇద్దరి మధ్యా ఇంత ఆప్యాయమైన మాట ఇంతకుముందు రాలేదు.


దినం 11,316
తాగినవి: 650 మి.లీ. (నిజం.)

ఈ రోజు శనివారం, కడుగుడు రోజు. తారకేశ్ వచ్చి నిలబడ్డాడు. అల్లుడిలో కొత్త పట్టిక ఎక్కించాను. రెండు గీతలూ.

గదిలో దీపాలన్నీ ఒకసారి ఆరి, మళ్లీ వెలిగాయి. మా వరసలో మూడు ఎరుపులు పచ్చబడ్డాయి. అవతలి వరసల్లో ఆరు. నూకరాజు ఈల వేశాడు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఎస్తేరు చేయి మధ్యలో ఆగిపోయింది. నా తల మీదకు చూస్తోంది.

“తామాడ రత్నావళి గారూ, మీ ఫలితం కిడ్నీ రోగుల పరిధికి దిగువన ఉన్నదని తెలియజేయుటకు చింతిస్తున్నాను” అన్నాడు అల్లుడు.

తారకేశ్ చేతిలో నేను రాసిచ్చిన కాగితం ఉంది. పాపం, దాన్ని మడిచి జేబులో పెట్టాలా, విప్పి చదవాలా అతనికి తెలియలేదు. “అమ్మా... మీకు ముందే తెలుసా?”

“తెలుసు. సంతకం కూడా నాదే. ఈ పేటలో పనికిమాలిన సంతకాలన్నీ నావే. నౌకలో కిటికీ సీటు ఇప్పించు, ఇక్కడెలాగూ దొరకలేదు.”

అప్పుడు అల్లుడు కడుగుడు మొదలుపెట్టడానికి సూదుల చేయి చాచి దాలమ్మ దగ్గరికెళ్లాడు. “దయచేసి చేయి చాపండి.”

“సాపను.”

“దయచేసి...”

“సాపనన్నాను కదేటి?” రెండు చేతులూ పమిటలో చుట్టేసుకుంది. “బాబూ తారకేశూ, రక్తంలో అంకె సూసి మనిసిని తోలేత్తావా? మొన్న నా అంకె సూసి నన్ను తోలేసేవోడివి. తప్పని తేలిందా లేదా? ఈవిడికి మూలుగ తీసి సూడు. అందులో జబ్బుంటే అప్పుడు మాటాడదాం. అందాకా నా సెయ్యి ఎవులికీ ఇవ్వను.”

“మూలుగ అంటే?”

“ఎముక మజ్జ” అన్నాను. “మైలోమా ఉందో లేదో తేల్చేది అదే. రక్తపరీక్ష వేలు చూపిస్తుంది, అంతవరకే. జల్లెడ ఊపించిన రోజే నేను అడగాల్సింది. గెలిచేశాననుకుని మరిచిపోయాను.”

ఈలోపు నూకరాజు చేతులు చంకల్లో దూర్చుకున్నాడు. తరవాత మూడో కుర్చీ, నాలుగో కుర్చీ. నలభై ఐదుగురూ చేతులు ముడుచుకుని కూర్చున్నారు. అల్లుడు కుర్చీ నుంచి కుర్చీకి తిరుగుతూ దయచేసి, దయచేసి అంటున్నాడు. జీవితంలో మొదటిసారి అల్లుడికి మర్యాద దొరకలేదు.

“కడగకపోతే నాలుగు రోజుల్లో ప్రాణాల మీదికొస్తుందండీ!” అన్నాడు తారకేశ్.

“మాకు తెల్దేటి? అందుకే బేగి సూడమంటన్నాను.”

తారకేశ్ ఎస్తేరు వైపు చూశాడు. “ఆ పరీక్ష ఇక్కడ చేయగలమా?”

“సూది ఉందండీ. చేయడం వచ్చు. ఎవరూ అడగలేదు” అంది ఎస్తేరు.

ఈ పేటలో ఒక్క అల్లుడే అల్లుడు కాదు.


దినం 11,317
తాగినవి: 800 మి.లీ. (నిజానికి 830. పరవాలేదు.)

తుంటి ఎముకలోకి సూది దించి మజ్జ తీశారు. నొప్పి గురించి పుస్తకాల్లో ‘కొంత అసౌకర్యం’ అని ఉంటుంది. రాసినవాళ్ల తుంటిలోకి ఎవరూ సూది దించి ఉండరు. దాలమ్మ నా చేయి పట్టుకుని, పదకొండేళ్లుగా నేను కిటికీ విషయంలో ఎంత నీచంగా ప్రవర్తించానో ఒక్కొక్క సంఘటనా చెప్పింది. కోపంలో నొప్పి తెలియలేదు. ఆమె కావాలనే చెప్పిందేమో. అలా అయితే ఆ సంగతి ఈ గడి దాటి పోనివ్వను.

ఎస్తేరు, అల్లుడు కలిసి కణాలు లెక్కపెట్టారు. జబ్బు కణాలు నూటికి పద్నాలుగు. పది దాటితే జబ్బు ఉన్నట్టే. ఎముకలకు ఫోటోలు తీశారు. ఎక్కడా కన్నాలు పడలేదు. అంటే నాకు మైలోమా ఉంది. తొందరగా దొరికింది.

ఆ పచ్చదీపం కిందే కూర్చుని ఉంటే ఎముకలకు కన్నాలు పడ్డాకే దొరికేది. ఇంకొకళ్ల ఎర్రదీపం కోసం పోట్లాడితే నాది దొరికింది. కాబట్టి నా ప్రాణానికి దాలమ్మ కారణమని ఒప్పుకోవాల్సి వస్తుంది. ఒప్పుకున్నాను, ఈ గడిలో.

తారకేశ్ సాయంత్రం నా గదికొచ్చాడు. చేతిలో లెక్క. అతనికి జాలి అంకెల్లో వస్తుంది.

“అమ్మా, మిమ్మల్ని కిందికి పంపాలంటే మీ బరువు యాభై రెండు కిలోలు. దారిలో కడగడానికి యంత్రం, నీళ్లు, నర్సు. మొత్తం మూడు వందల కిలోలు దాటుతుంది. ఆర్నెల్ల మందు పైకి తేవాలంటే నాలుగు వందల గ్రాములు. ఇంజనీరుగా నేను మిమ్మల్ని పంపలేనండీ.”

“మనిషిగా?”

తల గోక్కున్నాడు. “మనిషిగా నిన్ననే పంపకూడదనుకున్నాను. కాగితానికి కారణం కావాలి కదండీ.”

భూమికి రాసి ఒప్పించాడు. ముప్పై ఏళ్ల కిందట ఈ మందు పైకి తెచ్చే వీలు లేక పెట్టిన నిబంధనట అది. కొత్తది ఇలా ఉంది: రక్తంలో అనుమానం వస్తే మజ్జ చూడవలెను, మందు పైకి రాగలిగితే మనిషి కిందికి పోనక్కర లేదు. చదివి సంతకం పెట్టమన్నాడు. ఈసారి నాలుగుసార్లు చదివాను.


దినం 11,326
తాగినవి: 800 మి.లీ.

నౌక వచ్చింది. నా మందుల పెట్టె అరచేతిలో పట్టింది. నౌక తిరిగి వెళ్లేటప్పుడు ఆరు సీట్లూ ఖాళీ. వాటిలో దాలమ్మ జీడిపప్పు బస్తాలు పెట్టి బెల్టులు కట్టారు.

ఈ రోజు మంగళవారం. కడుగుడు గదిలో మొదటి మాత్ర మింగాను. నీళ్లు ముప్పై మిల్లీలీటర్లు. నా తల మీద దీపం ఇంకా ఎర్రగానే ఉంది, కొన్ని నెలలు అలాగే ఉంటుందట. దాని వెలుగులో నా తెల్లచీర కూడా దాలమ్మ చీరలా కనిపిస్తోంది.

ఇంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదనిపించింది. గొంతు వీలైనంత నీరసంగా పెట్టి అన్నాను:

“దాలమ్మా, ఎంతైనా జబ్బు మనిషిని. ఇప్పుడైనా ఆ కుర్చీ ఇవ్వొచ్చుగా?”

ఎస్తేరు మందుల గిన్నె పట్టుకుని ఆగిపోయింది. నూకరాజు అవతలి వరసలోంచి మెడ చాచాడు. ఇవ్వడమే న్యాయమని అందరి మొహాల్లోనూ ఉంది. దాలమ్మ ఒక్కతే భూమి మీంచి కళ్లు తిప్పలేదు.

“సచ్చినా ఇవ్వను. అంత కావాలంటే నా తరవాత కూకో.”

దాలమ్మ నాకంటే నాలుగేళ్లు చిన్నది. రాయిలాంటి గుండె. తోటపని మానదు. వాళ్లమ్మ తొంభై ఆరేళ్లు బతికిందని రోజూ చెబుతుంది. ఈ గడిలోనే లెక్క వేసి చూశాను. ఆమె తరవాత ఆ కుర్చీలో కూర్చోవాలంటే నేను తక్కువలో తక్కువ నూట ఒక్క ఏళ్లు బతకాలి.

సరేనన్నాను.